కట్టు కింద రంగు

"కత్తి పెడితే పాకుతదట. గాళ్ళింట్ల గట్లనే అయిందట."

మొన్న పాలమూరు, అంటే మా మహబూబ్‌నగర్, పెద్ద దవాఖానలో బీపీ చూపించుకోవడానికి కూర్చుంటే నా పక్క బెంచీ మీది పెద్దావిడ ఈ మాట అన్నది. ఆమె కోడలికి మెడ పక్కన గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపాలని డాక్టరు చెప్పాడట. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల చూపులు చూస్తోంది. కొడుకు చీటీ చేత్తో పట్టుకొని, లోపలికి పోవాలో ఇంటికి పోవాలో తేలక నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రపంచమంతా అరచేతిలోని ఫోనులోకి వచ్చి పడింది కానీ, ఈ బెంచీ మీద ఈ మాట మాత్రం నలభై ఏళ్ళుగా లేవకుండా కూర్చునే ఉంది. ఆ కోపం వెనకాలే ఒక మనిషి గుర్తొచ్చారు. నిజానికి మనిషి కంటే ముందు ఆయన వేళ్ళు గుర్తొచ్చాయి. ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండే వేళ్ళు.

ఆయన మా కాలేజీలో జువాలజీ చెప్పేవారు, నేను తెలుగు. ఎనభైల మొదట్లో కొంచెం ముందూ వెనకగా ఇద్దరమూ మహబూబ్‌నగర్‌కు వచ్చాం. పేరు చెప్పను. తన గురించి నలుగురిలో మాట్లాడితేనే చెవులు ఎర్రబడే మనిషి, ఇక పేరు పెట్టి రాస్తే ఎక్కడున్నా మొహం తిప్పుకుంటారు. మేమంతా సారు అనే పిలిచాం. ఇక్కడా సారే.

ఏం అడిగినా "నాకు తెలిసినంతల" అని మొదలుపెట్టడం ఆయన అలవాటు. వాన పడుతోందా సారూ అంటే, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూసి, "నాకు తెలిసినంతల, గీ కిటికీ కాడ పడుతాంది" అనేవారు. స్టాఫ్ రూములో మేము పగలబడి నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు, మేమెందుకు నవ్వుతున్నామో అర్థమయ్యేది కాదు. ఒకసారి లెక్కల సారు పెళ్ళికి పోతూ, నాకు జ్వరమొచ్చిందని ప్రిన్సిపాల్‌కు చెప్పండని ఈయనకు అప్పగించి పోయాడు. ఈయన పోయి, "జ్వరమొచ్చిందని చెప్పమన్నడు సార్" అని చెప్పొచ్చారు. లెక్కల సారు నెలరోజులు ఈయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటంలేదో కూడా ఈయనకు తెలియలేదు. వచ్చి నన్నడిగారు. ఇట్లాంటి మనిషితో ఎట్లా వేగాలిరా దేవుడా అని నేను నుదురు కొట్టుకున్నాను.

ఆయనది పోచంపల్లి, మగ్గాల ఇల్లు. చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, ఆ తరవాత కొంతకాలం అక్కడే పరిశోధన కూడా చేశారు. జీవకణం ఉన్నచోటి నుంచి ఎట్లా కదులుతుందన్నది ఆయన విషయం. తండ్రి పోయి ఇంటి భారం మీద పడితే పరిశోధన సగంలో ఆపి ఉద్యోగంలో చేరారు. ఆయన దాన్ని వదిలారు కానీ అది ఆయన్ను వదల్లేదు. సెలవు దొరికితే చాలు, రైలెక్కి హైదరాబాదు పోయి లైబ్రరీలో విదేశీ పత్రికలు తిరగేసి వచ్చేవారు. సోమవారం పొద్దున మొహం వెలుగుతూ ఉంటే ఆక్టిన్ గురించి ఏదో దొరికిందని మాకు తెలిసిపోయేది. కణం లోపల ఉండే సన్నని దారాల ప్రోటీన్ పేరు అది. మా స్టాఫ్ రూములో మాత్రం ఆయన ఇంటి మనిషి పేరులా అయిపోయింది.

"సారూ, మీ ఆక్టిన్ మంచిగున్నదా?"

"నాకు తెలిసినంతల, కదులుతాంది."

తెలుగు చెప్పుకునే నాకు ఇదంతా ఎట్లా తెలుసంటే, ఒకరోజు ఆయన పిల్లలందరినీ వరండాలోకి తెచ్చి ఆడించారు. నా క్లాసుకు గొడవగా ఉందని తిట్టడానికి బయటికి వచ్చి, అక్కడే నిలబడిపోయాను. పిల్లలు ఒక వరుసలో నిలబడి ఉన్నారు. "గీ లైను ఒక దారం. మీరు ఒక్కొక్కరు ఒక్కొక్క పూస. ఎనకోడు వచ్చి ముంగట నిలబడాలె" అన్నారు. వెనక వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ముందర చేరుతుంటే, మధ్యలో ఉన్నవాళ్ళు అడుగు కూడా కదల్చకుండా వరుస మొత్తం వరండా చివరిదాకా పాకిపోయింది. ఆ తరవాత కొందరికి వేరే పని ఇచ్చారు. ఒకమ్మాయి అందరికంటే ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది, ఇక ముందు ఎవరూ చేరడానికి లేదు. అది మూత పెట్టే ప్రోటీన్. ఒకబ్బాయి మధ్యలోకి దూరి వరుసను తెంపాడు. అది కత్తిరించేది. ఇంకొకరు రెండు వరుసలను కలిపి పట్టుకున్నారు.

"వీళ్ళు చెప్పినట్టు దారం విన్నంతసేపు కణం తన జాగల తను ఉంటది. గాయమైతే కదులుతది, మానుపుతది, మళ్ల ఊకుంటది. వీళ్ళ అదుపు తప్పిందనుకోండ్రి, ఇంటిపట్టున ఉండాల్సిన కణం కాలు చాపి ఇల్లు దాటుతది. క్యాన్సర్ ఒకకాడ పుట్టి ఇంకోకాడికి పోవుట్ల వీళ్ళ చెయ్యి ఉన్నదని చూస్తున్నరు. ఇంకా పూర్తిగ తెల్వది. తెల్వదని కూడ రాసుకోండ్రి."

తెలియదన్నది కూడా రాసుకోమన్న మాస్టారిని నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఆయన మాటల్లో ప్రతి మూడో మాటకూ అక్క వచ్చేది. మా అక్క గూడ పోగు తెగితే అతుకుతది, ఎక్కువైతే తెంపుతది, లోపట జరిగేది గదే పని అనేవారు. నాకు ఆ అక్కను చూడాలనిపించింది.

చీరల వంకన చూడనే చూశాను. మేము ఆడ లెక్చరర్లం, మీ ఊరికి తీసుకుపోయి మగ్గం మీది చీరలు ఇప్పించండని సారు వెంటపడ్డాం. ఒక ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరి, హైదరాబాదులో బస్సు మారి పోచంపల్లి పోయాం. సారు ఒళ్ళో ఒక చెక్కపెట్టె పెట్టుకొని కూర్చున్నారు. "ఏంది సారూ, హార్మోనియమా?" అన్నాడు కండక్టరు. "కాదు, మైక్రోస్కోపు" అన్నారు సారు. "అయితే భజన లేదన్నట్టు" అని టికెట్ కొట్టి పోయాడు. కాలేజీ మైక్రోస్కోపు అది. ప్రిన్సిపాల్‌ను బతిమాలి, అక్కకు చూపించడానికి తెస్తున్నారు.

అక్క వాకిట్లో ఆసు పోస్తోంది. వంపుగా గూటాలు దిగేసిన చెక్క చట్రం ముందు కూర్చొని, పోగును ఈ చివరి నుంచి ఆ గూటానికి, ఆ గూటం నుంచి ఈ చివరికి తిప్పుతూ పోవడమే ఆసు పోయడం. చీరకు పేకపోగు ఇట్లా చుట్టిన తరవాతే దాని మీద నమూనా గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. కట్టు కోసేస్తే ఆ చోటు తెల్లగా ఉంటుంది. మేము పోయేసరికి అక్క కుడిచెయ్యి గాలిలో ఆడుతూనే ఉంది. మమ్మల్ని చూసి ఆ చేత్తోనే తమ్ముడి బుగ్గ గిల్లింది. నలభై ఏళ్ళ లెక్చరరు మా అందరి ముందూ బుగ్గ పట్టుకొని సిగ్గుపడ్డారు.

"మా తమ్ముడు లోపటి దారాలు చదివిండు బిడ్డా. మేము బయటి దారాలోళ్ళం. పని మాత్రం ఒక్కటేనట, ఇంగ వాడే చెప్పాలె" అని నవ్వింది. ఆ నవ్వుకు నేను వెంటనే ఆమె మనిషినైపోయాను.

అన్నాలయ్యాక సారు గుమ్మంలో ఎండ పడేచోట మైక్రోస్కోపు పెట్టారు. సీసాలో తెచ్చిన కుంటనీళ్ళ బొట్టు ఒకటి గాజుపలక మీద వేసి, వెతికి వెతికి అమీబాను పట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ ఒక్కొక్కరే కన్నుపెట్టి చూశారు. పొద్దుటి నుంచి బస్సుల్లో ఊగి ఎండలో మగ్గిన ఆ అమీబా మాత్రం ఉలకదు, పలకదు.

"ఏది తమ్మీ, కాలు చాపుతదంటివి. చుక్క లెక్క పడున్నది" అన్నది అక్క.

సారు తట్టుకోలేకపోయారు. అంత దూరం మోసుకొచ్చింది ఆమె కోసమే. ఒక సన్నని సూది తీసి, నీటిబొట్టులోకి పోనిచ్చి, అమీబాకు పక్క నుంచి తాకించారు. అది ముడుచుకుంది. కొంచెం సేపటికి అటు పక్కకు మెల్లగా కాలు చాపి జారడం మొదలుపెట్టింది. అక్క చిన్నపిల్లలా కేక పెట్టింది. "అమ్మో, ఉరుకుతాంది! ఇగో, ఉరుకుతాంది!" ఆమె భర్త, అంటే సారు బావ, నిదానంగా ఒంగి చాలాసేపు చూశాడు. అతను చిటికి కట్టడంలో, అంటే ఆ రబ్బరు కట్లు కట్టే పనిలో, ఊళ్ళో పేరున్నవాడు. ఏదైనా కళ్ళతో చూసి, వేలితో తడిమి కానీ నమ్మడు.

"సూది తగిలినందుకే గద కదిలింది?" అన్నాడు.

"ఔ బావా."

"మన ఒంట్ల గూడ గిట్లనే ఉంటయా?"

"ఉంటయి. గిదే దారం. గిట్లనే కాలు చాపుతయి."

సారును అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో ఒళ్ళో పెట్టె మీద చేతులు పెట్టుకొని తనలో తనే నవ్వుకుంటూ వచ్చారు.

ఆ తరవాత ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో గడిచింది. అక్కకు కుడి రెక్క గుంజుతోందట, చెయ్యంతా నొప్పట అని సారు ఒకసారి అన్నారు. ఆసు పోసే ఆడవాళ్ళందరికీ అది ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అసలే పట్టించుకోలేదు. తీరా చూస్తే రొమ్ములో రేగ్గాయంత గడ్డ. సారు ఆమెను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. గడ్డ ఇంకా ఉన్నచోటనే ఉన్నట్టుంది, త్వరగా తీసేస్తే మంచిదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సారు ఊపిరి పీల్చుకొని అక్కను ఇంటికి తెచ్చారు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, అది కాలు చాపక ముందే తీయాలె, చాపిందంటే మన చేతుల ఉండదు అని వివరంగా చెప్పారు.

కాలు చాపుతుందన్న మాట ఒక్కటే వాళ్ళకు వినిపించింది.

పది పన్నెండు రోజుల తరవాత ఆయన స్టాఫ్ రూములో నా ముందు నిలబడ్డారు. గడ్డం గీసుకోలేదు. "మేడం, ఒక్కసారి మా అక్క ఇంటికి రావాలె. మీరు మాటలోళ్ళు. నాకు మాటలు వస్తలేవు" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నా నోటి మీద నాకు నమ్మకం ఎక్కువ, వెంటనే బయల్దేరాను.

బావ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు కానీ నేయడం లేదు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. బతిమాలాను, కసురుకున్నాను, పిల్లల మొహం చూడమన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

"నేను చదువుకున్నోన్ని కాదు మేడం. కండ్లతోని చూసింది చెప్తున్న. నిమ్మలంగ పండుకున్న పురుగు, సూది మొన తగలంగనే కాలు చాపింది. గంత సూదికే గట్లయితే, కత్తి పెట్టి కోస్తే ఊకుంటదా? మా వాడకట్టుల ఒకామెకు కోయించిన్రు. ఏడాది తిరగలె, ఒళ్ళంత పాకి సచ్చిపోయింది."

"బావా, అది అమీబా. ఇది గడ్డ" అన్నారు సారు.

"రెండిట్ల ఒకటే దారమంటివి గద."

సారు నోరు తెరిచారు. కాదనడానికి లేదు, ఎందుకంటే దారం ఒకటే. "దారం ఒకటే బావా, కాని నాకు తెలిసినంతల..."

"ఆ, గదే. నీకు తెలిసినంతల. కత్తి పెడితే పాకదని ఖాయంగ చెప్తవా? చెప్పు, రేపే తోల్కపోత."

నేను సారు వైపు వంగి, "చెప్పండి సారూ, పాకదని గట్టిగా ఒక్క మాట చెప్పండి" అని గొణిగాను. ఆయన నా వైపు తిరిగారు. దొంగతనం చేయమన్నట్టు చూశారు నన్ను.

"ఖాయంగ ఎవ్వలు చెప్పలేరు బావా. పెట్టకపోతే మాత్రం పాకుతది, గది ఖాయం."

"పెట్టినా బతుకు ఖాయం లేదు, పెట్టకున్నా లేదు. ఇగ కోయించుడెందుకు?" అని బావ తల వంచుకున్నాడు. "నేను వద్దంటలేను. నాకు భయమైతాంది అంటున్న. గంతే."

అప్పటిదాకా గోడకు ఆనుకొని వింటున్న అక్క తమ్ముడి దగ్గరికి వచ్చి కూర్చుంది. "మీ బావను అడుగుడెందుకు తమ్మీ? నేను గూడ చూస్తి. కండ్లు మూస్తే నాకు గా కాలే యాదికొస్తాంది. గిప్పుడు పండుకొని ఉన్నది. దాన్ని కదిలియ్యకు" అన్నది. పన్నెండేళ్ళ పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. నేను బయల్దేరుతుంటే గడప దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా వానికి చెప్పు బిడ్డా, నాకు వాని మీద కోపం లేదని. వాడు పెట్టిన సూది నాకోసమే గద."

నేను ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఆయన వినలేరనిపించింది. బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకొని కూర్చున్నారు. ఇబ్రహీంపట్నం వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి దాటుతున్నాయి. దారిపొడుగునా ఒకే మాట అన్నారు. "జర ఆగితే అదే కదిలేది మేడం. ఎండకు మొద్దుబారింది, గంతే. ఊకె తొందరపడిన."

ఆ తరవాత పసరు కట్లు, నాటు మందులు, తాయెత్తులు. సారు ప్రతి ఆదివారం పోయేవారు, ప్రతి సోమవారం ఇంకొంచెం చిక్కి వచ్చేవారు. గడ్డ చంకలోకి పోయింది, తరవాత వెన్నులోకి. అది ఎట్లా పోతుందో, లోపల ఏ దారం ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుంటోందో, ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఆ తెలివి ఆయనకు దేనికీ పనికిరాలేదు. తెలియనివాళ్ళకు మొక్కుకోవడానికైనా ఉంది, ఈయనకు అదీ లేదు. అక్క పోయింది.

ఆయన మామూలుగానే కాలేజీకి వచ్చారు. కానీ అమీబా పాఠం మరొక లెక్చరరుకు ఇచ్చేశారు. హైదరాబాదు లైబ్రరీకి పోవడం మానుకున్నారు. మైక్రోస్కోపు పెట్టె బీరువాలో పైఅరలోకి పోయింది. నాకు తెలిసినంతల అనడం కూడా మానేశారు. మేము అదే అంటూ ఆయన్ను ఏడిపించేవాళ్ళం కదా, ఇప్పుడు ఆ మాట ఒక్కసారి వినిపిస్తే బాగుండునని ఎదురుచూశాం. ఎవరైనా పలకరిస్తే తలుపు సందులోంచి చూసినట్టు చూసి, మళ్ళీ లోపలికి పోయేవారు.

ఏడాది తిరిగాక అక్క సంవత్సరీకానికి పోయొచ్చి, కాలేజీ మెట్ల మీద కూర్చొని ఆయనే నాకు చెప్పారు. కార్యం ముగిసిన మర్నాడు మేనకోడలు రంగు ఆరిన పోగుల కట్లు బ్లేడుతో కోస్తోందట. ఒకచోట తెల్లగా ఉండాల్సింది ఎర్రగా ఉంది. ఆ పిల్ల బెదిరిపోయి, మెల్లగనే కోసిన నాయినా అని ఏడుపు మొదలుపెట్టింది. బావ దగ్గరికి వచ్చి చూశాడు.

"కోసినందుకు పారలె బిడ్డా. కట్టు వదులుండె. రంగుల ముంచినప్పుడే లోపటికి పారింది. నువ్వు కోసినంక మన కండ్ల పడ్డది, గంతే" అన్నాడట.

అనేసి, తలెత్తి సారును చూశాడట. సారూ అతన్ని చూశారు.

"బావ పోయి మగ్గం మీద తల పెట్టుకొని ఏడ్చిండు మేడం. నేను బజార్లకు వచ్చి నిలబడ్డ. ఆ వాడకట్టామెకు కోసినందుకు పాకలె. మునుపే పాకింది, కోసినంక కనబడ్డది. గీ ముచ్చట బావకు తెలుసు. నాకు తెలుసు, నేను పుట్టిందే కట్ల నడుమ. అక్కకు గూడ తెలుసు. అందరికి తెలిసిన ముచ్చట ఆనాడు ఒక్కరి నోట్లకు రాలె. నేను ఆక్టిన్ చెప్పిన."

ఆ తరవాతే ఆయన వేళ్ళు ఎర్రబడ్డాయి. సారు పాన్ అలవాటు చేసుకున్నారని పిల్లలు, ఆ వయసులో హోలీ ఆడుతున్నారని లెక్కల సారు. అద్దె గదిలో ఆయన పోగులు తెచ్చి, ఒక్కో చిన్న లడికి, అంటే పోగుల చుట్టకు, రెండు కట్లు కట్టేవారు. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా. ఎర్రరంగులో ముంచి ఆరబెట్టేవారు. సాయంత్రం కాలేజీ అయిపోగానే ఆ లడులు చొక్కా జేబులో పెట్టుకొని, సగం బ్లేడు కాగితంలో చుట్టుకొని, జిల్లా దవాఖాన వరండాకు పోయి కూర్చునేవారు. ఎవరి ఇంట్లోనో గడ్డ, కోయించాలా వద్దా అన్న మాట చెవిన పడితే వాళ్ళ దగ్గరికి జరిగేవారు. బ్లేడు వాళ్ళ చేతికే ఇచ్చి, రెండు కట్లూ వాళ్ళతోనే కోయించేవారు. గట్టి కట్టు కింద తెలుపు. వదులు కట్టు కింద ఎరుపు. "కోసినందుకు పారిందా అమ్మా? మునుపే పారిందా?" డాక్టర్లు మొదట్లో విసుక్కున్నారు, తరవాత వాళ్ళే మనుషుల్ని ఆయన దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. ఎవరితోనూ కలవని మనిషి ముక్కూమొహం తెలియని వాళ్ళ పక్కన గంటలకొద్దీ కూర్చునేవారు.

తొంభైలలో ఒక సాయంత్రం మా అమ్మకు కంటి మందు రాయించుకోవడానికి పోయి ఆయన్ను అక్కడ చూశాను. జడ్చర్ల దిక్కు నుంచి వచ్చిన ఒక దర్జీ, అతని భార్య. ఆమెకు రొమ్ములో గడ్డ. దర్జీ రెండు కట్లూ కోసి, రెండు పోగులనూ వెలుతురుకు పెట్టి చూసి, "సమజైంది సాబ్" అన్నాడు. పోగుల మనిషికి పోగు భాష తొందరగానే ఎక్కింది. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు బురఖాలోంచి ఆ భార్య మెల్లగా అడిగింది.

"మీ ఇంట్ల ఎవలకన్న చేయించిన్రా సార్?"

జ్వరమని చెప్పమన్నాడని చెప్పిన మనిషి ఈయన. సారు బ్లేడును కాగితంలో జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"చేయించినమమ్మా. మా అక్కకు."

"గిప్పుడు ఎట్లున్నది?"

"మంచిగున్నది. పోచంపల్లిల ఉన్నది. నేస్తాంది."

"రెక్క లేస్తదా?"

"లేస్తది. ఆసు గూడ పోస్తది."

ఆమె కొంచెంసేపు ఆయన మొహంలోకి చూసింది. తరవాత భర్తతో "చలో" అని, ముందు తనే లేచి డాక్టరు గదిలోకి పోయింది. ఆమె ఏమైందో నాకు తెలియదు.

బయట హోటల్లో టీ చెప్పాను. ఆయన గ్లాసు ముట్టలేదు. "విన్నరు గద మేడం" అన్నారు. విన్నానన్నాను.

"అందరు పోగు చూస్తరు, రంగు చూస్తరు, ఔనంటరు. ఆఖరుకు గిదే అడుగుతరు. మొదట్ల నిజమే చెప్పిన. చేయించలె, సచ్చిపోయింది అని. సచ్చిపోయిందన్న మాటకే భయపడి లేచిపోయిన్రు. గప్పటిసంది అక్క బతికే ఉన్నది." ఎర్రటి వేళ్ళతో టేబుల్ మీద నీటిచుక్కను అటూ ఇటూ జరుపుతున్నారు. "ఆనాడు గట్టిగ ఒక్క మాట చెప్పమని మీరు అంటనే ఉన్నరు. బావకు చెప్పలేకపోయిన. గిప్పుడు రోజూ చెప్తున్న."

నాకు ఏడుపొచ్చింది. ఇక చాలు, రావడం మానెయ్యండి సారూ, మీ ఆరోగ్యం చూసుకోండి అన్నాను.

"ఎట్ల మానేస్త మేడం? నేను మానేస్తే అక్క మళ్ల పోతది."

రిటైరయ్యేదాకా, అయ్యాక కూడా ఆయన అక్కడికి పోతూనే ఉన్నారని తరవాత తెలిసింది. నేను వేరే ఊళ్ళు తిరిగి, ఇంట్లో పెళ్ళిళ్ళూ చావులూ చూసి, మళ్ళీ పాలమూరు చేరేసరికి ఆయన లేరు. ఏ జబ్బుతో పోయారో చెప్పేవాళ్ళు కూడా దొరకలేదు.

మొన్న ఆ బెంచీ మీద నా సంచిలో పోగు లేదు, బ్లేడు లేదు. ఉన్నదల్లా నోరే. పెద్దావిడ వైపు తిరిగి, కట్టు సంగతి, రంగు సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆవిడ ఊఁ కొట్టింది. కొడుకు చీటీ మడత పెట్టి మళ్ళీ విప్పాడు. అప్పుడు కోడలు కొంగు తీసి మొదటిసారి నా మొహం చూసింది.

"మీకు ఎరుకున్నోళ్ళు ఎవలన్న చేయించుకున్నరా అమ్మా?"

"మా సారు వాళ్ళ అక్క చేయించుకున్నది బిడ్డా."

"గిప్పుడు ఎట్లున్నది?"

ఉంటే ఆమెకు తొంభై దాటి ఉండేవి.

"మంచిగున్నది. పోచంపల్లిల ఉన్నది" అన్నాను. "ఆసు గూడ పోస్తది."